రెండు లక్షల ముప్పై ఆరు వేల కెమెరా

విజయవాడ గవర్నర్‌పేటలో కెమెరాలు, లెన్సులు బాగుచేసే రామ్మోహన్‌గారికీ, తెనాలిలో పెళ్లి ఫొటోలు తీసే ఆయన మేనల్లుడు శ్రీకాంత్‌కీ కెమెరా ధరల దగ్గర ఏనాడూ కుదరదు. పాపమంతా పన్నుదే అంటాడు శ్రీకాంత్. పన్ను చివర్లో వచ్చి చేరేదే, అసలు ధర అంతకుముందే ఫ్యాక్టరీలో తేలిపోతుంది అంటారు రామ్మోహన్‌గారు. మాఘమాసం ముహూర్తాల లోపు కొత్త ఫుల్ ఫ్రేమ్ బాడీ కొనాలని శ్రీకాంత్ ఒక షాపు నుంచి కొటేషన్ తెచ్చుకున్నాడు. దాన్ని మధ్యలో పెట్టుకుని మామా అల్లుళ్లు వాదించుకున్నదే ఇది. అక్కడక్కడా నా మాట కూడా కలిపాను. కెమెరాతో పొట్టపోసుకునే చిన్న మనిషిని మన పన్నుల చట్టం లెక్కలోకి తీసుకోలేదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ సంగతి దాచిపెట్టి మధ్యవర్తిలా రాయడం నాకిష్టం లేదు.

శ్రీకాంత్: మావయ్యా, కొటేషన్ చూడండి. బాడీ 2,00,000. దాని కింద సీజీఎస్టీ 18,000, ఎస్‌జీఎస్టీ 18,000. మొత్తం 2,36,000. ఆ 36,000 నా చేతిలో ఉంటే మంచి మెమరీ కార్డులు, రెండు బ్యాటరీలు, ఒక ఫ్లాష్ కొనుక్కుంటాను. కెమెరా నాకు షోకు కాదు, అన్నం పెట్టే పనిముట్టు. దర్జీ కుట్టుమిషన్ కొంటే 5 శాతం. రైతు ట్రాక్టర్ కొంటే 5 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఆ రెండూ 12 నుంచి 5కి దిగాయి. వాళ్లకి తగ్గించినందుకు సంతోషమే. నా పనిముట్టు మీద 18 ఎందుకు ఉండాలి?

రామ్మోహన్: నీకూ తగ్గించారు కదరా. జీఎస్టీ వచ్చిన 2017 జులైలో డిజిటల్ కెమెరా మీద 28 శాతం. 2019 జనవరి 1 నుంచి 18 చేశారు. ఇదే బాడీ పాత రేటులో అయితే 2,56,000 అయ్యేది. దానికి ముందు వ్యాట్ రోజుల్లో మన దగ్గర 14.5 శాతం అని బిల్లులో కనపడేది గానీ, రేవులో కట్టిన కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ ధరలోనే కలిసిపోయి వచ్చేది. అది నీ కంటపడలేదు, అంతే.

శ్రీకాంత్: డ్రోన్ సంగతి చెప్పండి మరి. అదే సెప్టెంబర్‌లో డ్రోన్లన్నిటికీ 5 శాతం అన్నారు. కెమెరా బిగించి ఉన్నా 5, లేకపోయినా 5, సరదాకి ఎగరేసుకున్నా 5. కల్యాణమండపం పైన ఎగిరే కెమెరాకి 5, మండపంలో పెళ్లికూతురి ఎదురుగా నిలబడి నేను పట్టుకునే కెమెరాకి 18. ఇదెక్కడి న్యాయం?

రామ్మోహన్: డ్రోన్ల విషయంలో సర్కారు ఉద్దేశం వేరు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతే ఆపేశారు. ఇక్కడ తయారుచేసే వాళ్లకి గిరాకీ రావాలని పన్ను దించారు. నువ్వు కొనే కెమెరా ఇక్కడ తయారు కాదు. దాని మీద పన్ను దించినా ఇక్కడ ఏ ఫ్యాక్టరీలోనూ ఒక్క కుర్రాడికి పని రాదు.

శ్రీకాంత్: తెనాలి కుర్రాడికి వస్తుంది కదా! నా దగ్గర ఇద్దరు అసిస్టెంట్లు, ఒక ఎడిటర్ ఉన్నారు. ఫ్యాక్టరీ గేటు లోపల చేస్తేనే పని కింద లెక్కా?

రామ్మోహన్: సరే, పన్ను మొత్తం ఎత్తేశారనుకో. 2,00,000 ఇంకా అక్కడే ఉంది. మూడు రోజులుగా నా చెవి దగ్గర 36,000 గురించే పోరుతున్నావు, ఆ రెండు లక్షల గురించి ఒక్క మాట లేదు. ఇలా రా, ఈ బల్ల మీద చూడు. ఏలూరు నుంచి ఒకాయన తెచ్చాడు, పెళ్లిలో చేయి జారి పడ్డ జూమ్ లెన్సు. మౌంట్ విప్పాను. దాని కింద పలచటి రింగులు కనపడుతున్నాయా? వీటిని షిమ్ములంటాం. మిల్లీమీటర్‌లో నూరో వంతు లెక్కన మందం తేడాతో ఉంటాయి. వీటిల్లో ఒకటి మారినా, ఒకవైపు వంగినా, గ్రూప్ ఫొటోలో ఎడమ పక్క నిలబడ్డ మేనత్తలు నిగనిగలాడతారు, కుడిపక్క మేనమామలు మసగ్గా పడతారు. ఫ్యాక్టరీలో ప్రతి లెన్సుకీ ఎవరో ఒకరు కూర్చుని, కొలిచి, దానికి సరిపడే షిమ్ము వేసి పంపారు. ఆ మనిషి జీతం నీ ధరలో ఉంది.

శ్రీకాంత్: ఒక్క మనిషి జీతానికి లక్షలా?

రామ్మోహన్: గాజు దగ్గరికి రా. కెనాన్ ఆర్ఎఫ్ మౌంట్‌లో 50 ఎంఎం ఎఫ్1.8 ఉంది కదా, నీ దగ్గర కూడా ఉంది. లోపల 6 అద్దాలు. బరువు 160 గ్రాములు. అదే 50 ఎంఎం ఎఫ్1.2లో 15 అద్దాలు, 950 గ్రాములు. రెండూ చూసేది ఒకే దూరం, ఒకే కోణం. ధరలో తేడా పదింతల పైన. ఆ తేడా ఎక్కడిది? పెద్ద అద్దం అంచుల దగ్గర వెలుగు సరిగ్గా ఒకచోట కూడదు. కూడేట్టు చేయడానికి గుండ్రటి వంపు చాలదు, ఆస్ఫెరికల్ అని, మధ్య నుంచి అంచుకి వంపు మారుతూ పోయే అద్దాలు కావాలి. వాటిని అరగదీయడం, పోతపోయడం, కొలవడం అన్నీ వేరే యంత్రాలు. పెద్ద టెలీ లెన్సుల్లో అయితే ఫ్లోరైట్ వేస్తారు. అది గనిలో అంత సైజులో, అంత శుభ్రంగా దొరకదు. కొలిమిలో స్ఫటికంగా పెంచాలి, మెల్లగా చల్లార్చాలి, తొందరపడితే పగులుతుంది. కెనాన్ వాళ్లు 1969 నుంచి లెన్సుల్లో వాడుతున్నారు, అయినా చవక కాలేదు. చవక చేసే దారి ఉంటే ఈపాటికి చైనా వాళ్లు చేసేసి ఉండేవాళ్లు.

శ్రీకాంత్: లెన్సు సంగతి ఒప్పుకుంటా. నేను కొనేది బాడీ. అది ఎలక్ట్రానిక్స్. టీవీలు తగ్గాయి, ఫోన్లు తగ్గాయి, కంప్యూటర్లు తగ్గాయి. కెమెరా మాత్రం ఏటేటా పెరుగుతోంది.

రామ్మోహన్: ఫోన్‌లో ఉండే సెన్సరెంత, నీ ఫుల్ ఫ్రేమ్ సెన్సరెంత? నీది 36 మిల్లీమీటర్లకి 24. ఇవన్నీ సిలికాన్ వేఫర్ మీద అచ్చుపోస్తారు. 300 మిల్లీమీటర్ల గుండ్రటి బిళ్ల అది. దాని మీద 36 బై 24 ముక్కలు కోస్తే, అంచుల్లో పోయేవి పోగా, 80 కూడా రావు. ఫోన్లో వేసే చిన్నవైతే అదే బిళ్ల మీద వేలల్లో వస్తాయి. ఇప్పుడు ఆ బిళ్ల మీద పది చోట్ల దుమ్ము కణం పడిందనుకో. ఫోన్ సెన్సర్లలో పది పోతాయి, మిగతా వేలు బాగానే ఉంటాయి. నీ సెన్సర్లలోనూ పదే పోవచ్చు, కానీ ఉన్నవే 80 లోపు. పోయినవాటి ఖర్చు మిగిలినవాటి మీద పడుతుంది. ఆ ఖర్చు ఏ దేశం ఏ చట్టం చేసినా తగ్గదు.

ఈ లెక్క దగ్గర శ్రీకాంత్ కాసేపు మాట్లాడలేదు. ధర గురించి మాట్లాడేటప్పుడు మనం మామూలుగా ముడి సరుకు, కూలి, లాభం అని మూడు ముక్కల్లో తేల్చేస్తాం. పాడైపోయిన ముక్కల ఖర్చు కూడా బాగున్న ముక్క కొన్నవాడే కట్టాలన్నది చాలామందికి తట్టని సంగతి. రామ్మోహన్‌గారు అంతటితో ఆగలేదు.

రామ్మోహన్: అసలు దెబ్బ ఇంకోటుంది. 2010లో ప్రపంచం మొత్తం మీద డిజిటల్ కెమెరాలు 12 కోట్లకు పైగా ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం సిపా లెక్క ఇది. 2023కి అదే సంఘం లెక్క 77 లక్షలు. కోట్ల నుంచి లక్షలకి పడిపోయింది. ఫోన్ వచ్చి జేబు కెమెరాని మింగేసింది. కొత్త ప్రాసెసర్ డిజైన్ చేయడానికి, ఆటోఫోకస్ ప్రోగ్రాం రాయడానికి అయ్యే ఖర్చు మాత్రం అలాగే ఉంది. ఇదివరకు ఆ ఖర్చుని చిన్న చిన్న పాయింట్ అండ్ షూట్ కెమెరాలు కొన్న కోట్లమంది తలా కాస్త మోసేవాళ్లు. ఇప్పుడు వాళ్లు లేరు. నువ్వు, నీలాంటి వాళ్లు మోస్తున్నారు.

శ్రీకాంత్: ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను మావయ్యా. ఖర్చు పెరిగి ధర పెరగడం వేరు, చవక సరుకు ఆపేసి ఖరీదైనదే మిగల్చడం వేరు. నికాన్ డీ3500 లాంటిది పెట్టుకుని మన జిల్లాలో ఎంతమంది కుర్రాళ్లు పని నేర్చుకున్నారు! దాన్ని ఆపేశారు. తయారీ ఖర్చు భరించలేకా, లేక అంత చిన్న లాభానికి శ్రమ దండగనుకునా? కంపెనీలు తక్కువ బాడీలు అమ్మి ఎక్కువ మిగుల్చుకునే దారి చూసుకున్నాయి. దాన్ని కూడా తయారీ ఖర్చు ఖాతాలో వేస్తే ఎలా?

రామ్మోహన్: అది నిజమే. వ్యాపారం ఎటు లాభముంటే అటు పోతుంది. అయితే ఫ్యాక్టరీలు తగ్గిపోవడం వల్ల ఇంకో ఇబ్బందుందని గుర్తుపెట్టుకో. 2011 అక్టోబర్‌లో థాయ్‌లాండ్ వరదల్లో అయుత్థయలో నికాన్ ఫ్యాక్టరీ మునిగింది. 2016 ఏప్రిల్‌లో కుమమోటో భూకంపానికి సోనీ సెన్సర్ ఫ్యాక్టరీ ఆగింది. ఒక్కో చోట ఆగితే ప్రపంచమంతా సరుకు తగ్గింది. సరుకు తక్కువైనప్పుడు షాపువాడు డిస్కౌంట్ ఇస్తాడా? అట్లాంటప్పుడు పన్ను శాతం మారదు, ధర మాత్రం మారుతుంది.

శ్రీకాంత్: శాతం అదే అయినా, ధర పెరిగితే పన్ను కూడా పెరుగుతుంది కదా! లక్ష బాడీ మీద 18,000 కట్టినవాణ్ని రెండు లక్షలకి 36,000 కడుతున్నాను. వరద వచ్చినా, భూకంపం వచ్చినా, రూపాయి పడినా ఖజానాకి వాటా పెరిగేదే. మీరు చెప్పే తయారీ ఖర్చు మీద పన్ను మళ్లీ ఎక్కి కూర్చుంటోంది. ఇంకో సంగతి. పన్ను ధరలోకే వస్తుందనుకుంటున్నారు మీరు. అది మిషన్ లోపలికి కూడా దూరింది.

రామ్మోహన్: మిషన్ లోపలికా?

శ్రీకాంత్: ట్రైపాడ్ మీద రెండో కెమెరా పెట్టి మండపం వైపు వదిలేస్తాం. జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి తలంబ్రాల దాకా తెగకుండా రావాలి. నా పాత బాడీ సరిగ్గా 29 నిమిషాల 59 సెకన్లకి రికార్డింగ్ ఆపేసేది. వేడెక్కి ఆగిందనుకునేవాణ్ని. గట్టిమేళం మోగుతుంటే అక్షింతలు వేసే జనాన్ని తోసుకుంటూ వెళ్లి మళ్లీ బటన్ నొక్కేవాణ్ని. ఒకసారి మూడు ముళ్లలో మొదటి ముడి పోయింది. పెళ్లికూతురి తండ్రికి నేనేం చెప్పాలి? చాలా కాలానికి తెలిసింది, అది వేడి వల్ల కాదని. 30 నిమిషాలు, ఆపైన ఏకబిగిన రికార్డు చేసే కెమెరాని యూరప్ కస్టమ్స్ వాళ్లు వీడియో కెమెరా కింద లెక్కేసి సుంకం వేసేవాళ్లట. స్టిల్ కెమెరాకి ఆ సుంకం లేదు. అందుకని కంపెనీలు ఒక్క సెకను తగ్గించి సాఫ్ట్‌వేర్‌లో గీత గీశాయి. యూరప్ సుంకం తెనాలి పెళ్లిలో తాళి దగ్గర అడ్డం పడింది మావయ్యా!

రామ్మోహన్: ఆ గీత మన కస్టమ్స్‌లోనూ ఉందిరా. 1996 నాటి ఐటీ ఒప్పందంలో 1997లో మన దేశం చేరింది. దాని వల్ల డిజిటల్ స్టిల్ కెమెరా మీద బేసిక్ సుంకం లేదు. 2012 మార్చిలో కేంద్రం ఒక వివరణ ఇచ్చింది. 800 బై 600 పిక్సెళ్లు, సెకనుకి 23 ఫ్రేములు, కనీసం 30 నిమిషాలు ఒకే బిగిన తీయగలిగే కెమెరాకి ఆ మినహాయింపు చెల్లదని. దాని మీద పెద్ద కెమెరా కంపెనీలకీ కస్టమ్స్‌కీ ఏళ్ల తరబడి గొడవ నడిచింది. కెనాన్ ఇండియా కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021 మార్చిలో, సుంకం కట్టమని నోటీసిచ్చిన రెవెన్యూ ఇంటెలిజెన్స్ (డీఆర్‌ఐ) అధికారికి ఆ అధికారమే లేదని కోర్టు అంది. 2024 నవంబర్‌లో రివ్యూలో, ఉందని అంది. మన దేశంలో డీఆర్‌ఐ ఇచ్చిన కస్టమ్స్ నోటీసులకి తగిలిన పెద్ద తీర్పు అది. మొదలైంది మాత్రం నీలాంటి వాళ్లు వాడే కెమెరా ఎన్ని నిమిషాలు రికార్డు చేస్తుందన్న దగ్గర. ఇక్కడ నీ మాటే ఒప్పుకుంటున్నాను. పన్ను ధరకి చివర్లో తగిలేదని ఇన్నాళ్లూ అన్నాను. ఈ విషయంలో అది డిజైన్ బల్ల మీదకే వెళ్లింది.

ఆ సుంకాల్ని ఎత్తేసే ఒప్పందం 2015లో విస్తరించింది. యూరప్‌లో క్రమంగా సుంకం పోయింది, కొత్త బాడీల్లో ఆ అరగంట గీత కూడా చాలావరకు పోయింది. విస్తరించిన ఆ ఒప్పందంలో మన దేశం చేరలేదు. చేరకపోవడానికి కారణాలున్నాయి, అవి వేరే చర్చ. కానీ కస్టమ్స్ పట్టికలో ఒక నిర్వచనం రాసేటప్పుడు, దాన్ని తప్పించుకోవడానికి ఇంజనీరు ఏం చేస్తాడో, దాని దెబ్బ ఏ ఊళ్లో ఎవరి పని మీద పడుతుందో రాసేవాళ్లు చూడాలి. శ్రీకాంత్‌కి పోయిన ఆ మొదటి ముడిని ఏ ఎడిటరూ తిరిగి తేలేడు.

శ్రీకాంత్: డాలస్‌లో మా పిన్ని కొడుకు అదే బాడీ 2,000 డాలర్లు అంటున్నాడు. ఇక్కడికన్నా తక్కువే పడుతుందిట, వచ్చేటప్పుడు పట్టుకొస్తానంటున్నాడు.

రామ్మోహన్: వాడు చెప్పే 2,000 షాపు బోర్డు మీద ధర. అమెరికాలో పన్ను కౌంటర్ దగ్గర కలుపుతారు. డాలస్‌లో అది 8.25 శాతం. మన దగ్గర ఎంఆర్‌పీ అంటే పన్నులన్నీ కలిపి. అక్కడి పన్ను లేని ధరనీ ఇక్కడి పన్ను ఉన్న ధరనీ పక్కపక్కన పెట్టి గుండెలు బాదుకుంటే ఎట్లా? వాడు ఒరెగాన్‌లో ఉంటే ఆ 8.25 కూడా ఉండదు. ఒరెగాన్, మోంటానా, న్యూ హాంప్‌షైర్, డెలావేర్, అలాస్కా, ఈ అయిదింట్లో రాష్ట్ర అమ్మకపు పన్ను లేదు. ఇదివరకు పక్క రాష్ట్రం షాపు నుంచి పోస్టులో తెప్పించుకుంటే షాపువాడు పన్ను వసూలు చేసేవాడు కాదు, కెమెరాలు కొనేవాళ్లు అట్లా చాలామంది తెప్పించుకునేవాళ్లు. 2018 జూన్‌లో వేఫేర్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ దారి మూసేసింది. అమ్మేవాడికి మా రాష్ట్రంలో కొట్టు లేకపోయినా పన్ను వసూలు చేయమని రాష్ట్రాలు అడగొచ్చంది. ఇక వాడు పట్టుకొస్తే విమానాశ్రయంలో చెప్పి సుంకం కట్టాలి. చెప్పకుండా తేవడం నేను ఒప్పుకోను. పైగా అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో ముందు కనుక్కో.

శ్రీకాంత్: అక్కడ కూడా 2025లో జపాన్, థాయ్‌లాండ్ సరుకు మీద టారిఫ్‌లు వేస్తే ఏమైంది? టారిఫ్‌ల వల్లే ధర సవరిస్తున్నామని చెప్పి నికాన్ జూన్ 23 నుంచి రేట్లు పెంచింది. అద్దాలు మారలేదు, షిమ్ములు మారలేదు, ఫ్యాక్టరీ మారలేదు. పన్ను మారింది, ధర మారింది. మీ సిద్ధాంతం దాన్నెలా వివరిస్తుంది?

రామ్మోహన్: పన్ను పెరిగితే ధర పెరుగుతుంది, అదెప్పుడూ నిజమే. తగ్గితే తగ్గుతుందా అన్నది అసలు ప్రశ్న. పెరిగేటప్పుడు ఉన్న చురుకు దిగేటప్పుడు ఉండదు. జీఎస్టీ తగ్గిస్తే ఆ లాభం కొనేవాడికి అందాలని చట్టంలో 171వ సెక్షన్ పెట్టారు. అట్లా ఒక సెక్షన్ రాయాల్సొచ్చిందంటేనే అందకపోవడం మామూలని అర్థం. రేపు 5 శాతం చేశారనుకో, నీ బాడీ 2,10,000 అవుతుంది. రూపాయి విలువ కాస్త పడిందని చెప్పి కంపెనీ ఆర్నెల్లలో మూల ధర ఒక పదివేలు పెంచితే ఎవరు అడుగుతారు? అందుకే పన్ను తగ్గించమని అడిగే బదులు, ఉన్న పన్నుని వెనక్కి రాబట్టుకునే దారి చూసుకో. జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకో. 36,000 ఇన్‌పుట్ క్రెడిట్ వస్తుంది. నీకు కెమెరా 2,00,000కే పడినట్టు. ఇంత సులువైన దారి వదిలేసి సర్కారుని తిడతావేం?

శ్రీకాంత్: సులువా? రాసి చూపిస్తాను, కాగితం ఇటివ్వండి. ఒక పెళ్లి ప్యాకేజీ 1,50,000 అనుకోండి. రిజిస్టర్ అయితే ఫొటోగ్రఫీ మీద 18 శాతం, అంటే 27,000 పెళ్లివాళ్లని అడగాలి. వాళ్లు ఇంటివాళ్లు, కంపెనీ కాదు. వాళ్లకి క్రెడిట్ రాదు. ఆ 27,000 వాళ్లకి పూర్తిగా ఖర్చే. పక్క వీధిలో రిజిస్ట్రేషన్ లేని కుర్రాడు 1,50,000కే చేస్తానంటాడు. నేను కూడా 1,50,000కే చేయాలంటే పన్ను నా జేబులోంచి పోతుంది. నాలుగేళ్లకోసారి కొనే కెమెరా మీద 36,000 వెనక్కి రావడం కోసం ప్రతి పెళ్లికీ దాదాపు 23,000 పోగొట్టుకోనా?

రామ్మోహన్: 20 లక్షల లోపుంటే నీకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు కదా.

శ్రీకాంత్: ఆ 20 లక్షలు లాభం కాదు మావయ్యా, వసూలు. ఏడాదికి 14 పెళ్లిళ్లు చేస్తే 21 లక్షలు దాటింది. అందులో కరిజ్మా ఆల్బమ్ ల్యాబ్‌కి పోతుంది, క్యాండిడ్ తీసే అతనికి, డ్రోన్ అతనికి, ఎడిటర్‌కి, అసిస్టెంట్లకి, కారుకి పోతుంది. పెళ్లికి నాకు మిగిలేది నలభై, నలభై అయిదు వేలు. ఆ డ్రోన్ అతనికీ, ఎడిటర్‌కీ రిజిస్ట్రేషన్ లేదు, వాళ్లకిచ్చిన దాని మీద నాకు క్రెడిట్ రాదు. కాంపోజిషన్ స్కీము ఉంది, 50 లక్షల దాకా, 6 శాతం కట్టమంటుంది. అది కస్టమర్ దగ్గర విడిగా వసూలు చేయకూడదు, క్రెడిట్ కూడా రాదు. 1,50,000 మీద 9,000. మిగిలిన నలభై అయిదులో తొమ్మిది పోయింది. కెమెరా మీద 36,000 అలాగే పోయింది. అందుకే 13వ పెళ్లి దగ్గర ఆగిపోయే వాళ్లున్నారు మన జిల్లాలో. వచ్చిన పనిని తమ్ముడి పేరు మీద బుక్ చేసే వాళ్లున్నారు. పని లేక కాదు, ఆ గీత దాటితే బతకలేక.

నా మాట ఇక్కడే చెప్పాలి. పెద్ద ఈవెంట్ కంపెనీ ఇదే కెమెరా కొంటే 36,000 క్రెడిట్ తీసుకుంటుంది. దాని కస్టమర్లు కూడా కంపెనీలే కాబట్టి వాళ్లు వసూలు చేసే పన్ను ఎవరికీ బరువు కాదు. ఆ కెమెరా వాళ్లకి 2,00,000. తెనాలి స్టూడియోకి 2,36,000. ఒకే షాపు, ఒకే డబ్బా, ఒకే సీరియల్ వరుస. చిన్నవాడిని వదిలిపెట్టామని చట్టం అనుకుంటోంది. వదిలిపెట్టింది అమ్మే దగ్గర. కొనే దగ్గర చిన్నవాడే పూర్తిగా కడుతున్నాడు. సెన్సర్ ఎంత పెద్దదైనా, అద్దం ఎంత ఖరీదైనా ఆ ఖర్చు ఇద్దరికీ సమానం. పన్ను మాత్రం ఇద్దరికీ సమానం కాదు. రామ్మోహన్‌గారు చెప్పిన తయారీ ఖర్చుల లెక్కలో ఒక్కటీ తప్పు లేదు. కానీ మన చేతిలో ఉండి, మనం మార్చగలిగీ, మార్చకుండా వదిలేసింది ఈ 36,000.

రామ్మోహన్: ఇందుకే బిల్లు లేకుండా కొంటున్నారు జనం. నా దగ్గరికి రిపేరుకి వచ్చే బాడీల్లో అట్లాంటివి ఎన్నో. వారంటీ కార్డు ఉండదు, కంపెనీ సర్వీస్ సెంటర్ తీసుకోదు, చివరికి నా దగ్గరికి వస్తారు. మదర్‌బోర్డు పోతే నేను మాత్రం ఏం చేస్తాను? పన్ను మిగిలిందనుకున్నవాడు మొత్తం కెమెరా పోగొట్టుకుంటాడు.

శ్రీకాంత్: నేను బిల్లుతోనే కొంటాను. అందుకే అడిగే హక్కు కూడా ఉందనుకుంటున్నాను.

రామ్మోహన్: ఇక్కడ తయారైతే ఈ గొడవే ఉండదు అనేవాడు మా నాన్న. ఆయన దగ్గర క్లిక్ త్రీ ఉండేది. ఆగ్ఫా వాళ్లది, బరోడాలో తయారైంది. ఫిల్ము ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వాళ్ల ఇందు. కలకత్తా జాదవ్‌పూర్‌లో నేషనల్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు నేషనల్ 35 అని ఒక కెమెరా చేశారు. ఇప్పుడు వాటిలో ఏదీ లేదు. సుంకాలతో కాపాడితే పరిశ్రమ నిలబడుతుందని నమ్మిన కాలం అది.

శ్రీకాంత్: కడపలో సీసీ కెమెరాలు చేస్తున్నారు కదా. కొప్పర్తిలో పెద్ద ఫ్యాక్టరీనే ఉంది.

రామ్మోహన్: ఉంది. సీసీ కెమెరా ప్రతి కొట్టుకీ, ప్రతి అపార్ట్‌మెంట్‌కీ కావాలి. లక్షల్లో అమ్ముడుపోతుంది కాబట్టి ఫ్యాక్టరీ వచ్చింది. ఫుల్ ఫ్రేమ్ బాడీ ప్రపంచం మొత్తానికి నాలుగైదు ఫ్యాక్టరీలు చాలు. నీ బాడీ మీద నూరు శాతం సుంకం వేసినా కొప్పర్తిలో దాని ఫ్యాక్టరీ రాదు. అందుకని ఆ వాదన నేను చేయను. నీ సమస్యకి నువ్వే మార్గం చెప్పు, వింటాను.

శ్రీకాంత్: నాకు ఉద్యమ్ సర్టిఫికెట్ ఉంది. సర్కారే ఇచ్చింది, ఫొటోగ్రఫీ నా వృత్తి అని అందులో ఉంది. ఎగుమతి చేసేవాడికి కట్టిన పన్ను వెనక్కి ఇస్తున్నారు. 20 లక్షల లోపున్న ఫొటోగ్రాఫర్ కెమెరా, లెన్సు కొంటే, ఆ సర్టిఫికెట్ చూసి, పన్ను తిరిగి ఇవ్వొచ్చు. రేటు 18 అలాగే ఉంచుకోండి. సరదాకి కొనేవాడు కట్టుకుంటాడు.

రామ్మోహన్: తీసుకుని నెలకి అమ్మేసుకుంటే?

శ్రీకాంత్: ప్రతి బాడీకీ, ప్రతి లెన్సుకీ సీరియల్ నంబరు ఉంటుంది. మీ దగ్గరికి రిపేరుకి వస్తే మీరే మొదట రాసుకుంటారు. బిల్లు మీద ఆ నంబరు ఉండాలని, మూడేళ్లలోపు అమ్మితే పన్ను తిరిగి కట్టాలని రాస్తే సరిపోతుంది. లెక్కలు రాసుకునేవాడే ముందుకొస్తాడు. ఇప్పుడు బిల్లు లేకుండా కొనేవాళ్లలో సగంమంది బిల్లు అడగడం మొదలెడతారు.

రామ్మోహన్: నంబరు సంగతి బాగుంది, అది పట్టుకోగలరు. అయినా ఒకటి విను. రేపు 36,000 వెనక్కొచ్చినా దాన్ని బాడీకి పెట్టకు. నాలుగేళ్లకి కొత్త సెన్సర్ వస్తుంది, నీ బాడీ సగం ధరకి పడిపోతుంది. లెన్సు మీద పెట్టు. షిమ్ము కదలకుండా చూసుకుంటే పదిహేనేళ్లు తీస్తుంది.

శ్రీకాంత్: ముందు వెనక్కి రానివ్వండి మావయ్యా. ఎక్కడ పెట్టాలో అప్పుడు మళ్లీ కూర్చుందాం.